అత్యంత ప్రమాదకరమైన వీధి

ఆ వీధి నగరంలోకెల్లా ప్రమాదకరమైనదని సాయంత్రం ఆరున్నరకు టీవీ ప్రకటించింది. అంతవరకూ ఆ సంగతి అక్కడ కాపురముంటున్నవాళ్లకు తెలియకపోవడం వాళ్ల అజ్ఞానానికి నిదర్శనం.

ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో బట్టలు కుడుతున్న దర్జీకి కూడా తెలియదు. పొద్దున వచ్చిన విలేఖరి "భయం వెయ్యట్లేదా?" అనడిగితే, "ఎవర్ని చూసి?" అని నవ్వేసి, గుడ్డముక్కల కింద కత్తెర వెతుక్కున్నాడు. టీవీలో నవ్వు రాలేదు. వెతుకులాట మాత్రం డప్పుల మోతతో, నత్తనడకన మూడుసార్లు వచ్చింది. కింద 'దర్జీ కళ్లలో చావుభయం' అని ఎర్రటి అక్షరాలు.

"చూశావుటే, ఎలా హడలిపోయానో! నాకే తెలీలేదు."

"మీ మొహం! కత్తెర కనపడక పడ్డ కంగారు అది," అంది భార్య.

"అంత పెద్ద టీవీ వాళ్లకి తెలీదు, నీకు తెలిసిందా?"

మర్నాటి నుంచి దుకాణంలో భద్రతా చర్యలు అమల్లోకి వచ్చాయి. తలుపుకి లోపల గడియ. కస్టమర్లు కొలతలు సొంతంగా రాసి, చీటీ కిటికీలోంచి పడెయ్యాలి. రోజూ టీవీ ముందు సీరియల్ కథానాయకులతో కలిసి భోంచేసే ఆ పెద్దమనుషులు తమ నడుమూ ముప్ఫయ్యేనని చిత్తశుద్ధితో రాశారు. దర్జీ అంతే చిత్తశుద్ధితో కుట్టాడు.

శనివారం పదకొండుమంది బొత్తాం పడని ప్యాంట్లతో వచ్చి తలుపు బాదారు.

"బయటికి రావయ్యా! ఇది నాకా, మా మనవడికా?"

దర్జీ గడియ సరిచూసుకుని టీవీ వాళ్లకి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో కెమెరా దిగింది.

"తలుపు తియ్యండీ! వీళ్లు కూడా పోతే దుకాణం మూసుకోవడమే," అని లోపలే ఉన్న భార్య కిటికీ ఊచల్లోంచి చెయ్యి ఊపింది. "ఉండండి అన్నయ్యా, తీస్తున్నా!"

'దర్జీ చెరలో ఇల్లాలు' అని టీవీ ఘోషించింది. పదకొండుమందీ ఆ వార్త తమ ఫోన్లలోనే చూసి, ప్యాంట్లు అక్కడే పారేసి పరుగో పరుగు.

గడియ మీద చెయ్యి వేసిన భార్య ఒక్కసారి దుకాణంలోని టీవీ వైపు తిరిగింది. తెర నిండా తన మొహం. వెనక వయొలిన్ ఏడుపు. రెప్ప వాల్చకుండా చూసింది.

"ఇరవై రెండేళ్ల కాపురం!" అంది గద్గదంగా. "ఎంత నరకం పడ్డానో, నాకే తెలీలేదు."

దర్జీ ఓదార్చబోయాడు. ఆవిడ కెవ్వున అరిచి, గడియ లాగి, కెమెరా ఎటుందో చూసుకుని అటే పరిగెత్తింది.