దొంగ మొహం కావలెను

ఆ ఉదయం ఆటలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, తన ఆటకి గీసిన బొమ్మ సంగతి తేల్చాలి, సాయంత్రంలోగా దాన్ని కొట్టుకి పంపేయాలి. కొట్టంటే వీధిలో ఉండేది కాదు, ఫోన్లో ఉండేది. అక్కడ కొత్త వీడియో గేములన్నీ తపాలా బిళ్ళంత బొమ్మలై వరసగా కూర్చుంటాయి. కొనేవాడి బొటనవేలు వాటి మీదుగా జర్రున జారిపోతుంది. ఆ వేలు ఆగిన చోట ఆట అమ్ముడుపోతుంది. ఆగకపోతే మూడేళ్ళుగా ఒంటిచేత్తో ఆట తయారుచేసినవాడి కష్టం గంగలో కలిసినట్టే.

సాయంత్రం దాటితే ఈ నెల కొత్త ఆటల వరసలో చోటు ఉండదు. చోటు లేకపోతే పాత ఆఫీసుకి వెళ్ళి, పాత మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఈ ఒప్పందం అతనికీ భార్యకీ మధ్య ఎప్పుడో కుదిరిపోయింది. ఆవిడ పళ్ళ డాక్టరు. పన్ను పట్టుకున్నా, మాట పట్టుకున్నా మధ్యలో వదిలే మనిషి కాదు.

ఆట ఏమిటంటే, ఒక అపార్ట్‌మెంటులో ఒక దొంగ ఉంటాడు. ఇరుగుపొరుగుని అడిగి అడిగి వాడెవడో కనిపెట్టాలి. కాబట్టి బొమ్మలో ఒకే ఒక్క మొహం ఉండాలి, అది చూడగానే గుండె ఝల్లుమనాలి. అలాంటి మొహం కోసం ఎవరినైనా ఎదురుగా కూర్చోమని అడిగితే ఎందుకంటారు, ఎందుకో చెబితే ఊరుకోరు. అందుకని ఆటలాయన ఎవరికీ చెప్పకుండా తలా ఒకటి తీసుకున్నాడు. కనుబొమలు అపార్ట్‌మెంటు సెక్రటరీవి. ముక్కు పై అంతస్తు ట్యూషన్ మాస్టారిది. మీసం తమ ఇంట్లోనే ఉంటున్న మామగారిది. కళ్ళు ఎవరివన్నది మాత్రం తనకి తాను కూడా చెప్పుకోలేదు.

"ఎలా ఉంది?" అని ఫోను తీసుకెళ్ళి భార్య మొహం ముందు పెట్టాడు.

"బాగుంది," అంది ఆవిడ, బ్యాగులో క్లినిక్కు తాళాలు వెతుక్కుంటూ.

"చూడకుండానే?"

"చూశానండీ. మొహం. బాగుంది."

మామగారు పేపరు మీంచి మెడ సాచి, "మీసం బ్రహ్మాండంగా కుదిరింది అల్లుడుగారూ," అన్నారు.

ఆటలాయనకి అనుమానం వచ్చింది. అతనికి అనుమానం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఎవరైనా తిడితే అసూయ అనుకుంటాడు, మెచ్చుకుంటే మొహమాటం అనుకుంటాడు, ఏమీ అనకపోతే కుట్ర అనుకుంటాడు. ఇలా మొహం మీద అడిగితే ఎవరూ నిజం చెప్పరు, తమకి తెలియకుండా వాళ్ళ కళ్ళు ఎక్కడ ఆగుతాయో చూడాల్సిందే అని తేల్చుకున్నాడు. బొమ్మని తపాలా బిళ్ళంత చేసి అచ్చు తీశాడు. పేరు లేదు, వివరం లేదు, ఒట్టి మొహం. దాన్ని కింద లిఫ్టు మీట పక్కన అంటించి, మెట్ల మలుపులో నక్కాడు. నడిస్తే టపటపమంటాయని గుమ్మం దగ్గరే చెప్పులు కాళ్ళకి వేసుకోకుండా చేతపట్టుకొచ్చాడు. ఆ తొందరలో అవి ఎవరివో చూసుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ అపార్ట్‌మెంటులో కొన్నాళ్ళుగా గుమ్మాల ముందు విడిచిన చెప్పులు మాయమవుతున్నాయి. మీటింగులు పెట్టుకుని ఒకరినొకరు అరుచుకోవడం కూడా అయింది. ఆటలాయన చెవిన ఆ మాట పడకపోలేదు. కానీ బొమ్మ ధ్యాసలో ఉన్నవాడికి అది ఈ చెవిలోంచి ఆ చెవిలోకి వెళ్ళిపోయింది.

మొదట సెక్రటరీ వచ్చాడు. మీట నొక్కబోయి ఆగాడు. వంగాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ వంగాడు. మెట్ల మలుపులో ఆటలాయన గాల్లో తేలిపోయాడు. ఆగింది! చూపు ఆగింది!

సెక్రటరీ చుట్టూ చూసి, గొంతు తగ్గించి ఫోను చేశాడు. "మాస్టారూ, ఒకసారి కిందికి రండి. చెప్పుల దొంగ బొమ్మ ఎవరో అంటించారు. పేరు రాయడానికి భయపడినట్టున్నారు. ఆ ముక్కు ఉంది చూశారూ... మీరే వచ్చి చూడండి, ఫోన్లో చెప్పే ముక్కు కాదు."

ట్యూషన్ మాస్టారు దిగివచ్చి చూశాడు. ఎవరి ముక్కు వాళ్ళకి సరిగ్గా కనబడదు గనక ముక్కు జోలికి పోలేదు. కనుబొమల దగ్గర ఆగిపోయాడు.

"గుర్తుపట్టారా?" అన్నాడు సెక్రటరీ, మాస్టారి ముక్కు వైపు ఓరగా చూస్తూ.

"పట్టకేం," అన్నాడు మాస్టారు, సెక్రటరీ కనుబొమల వైపు సూటిగా చూస్తూ. "దొంగని నేనే పట్టిస్తానని మీటింగులో అంత గట్టిగా అరిచినప్పుడే అనుకున్నాను."

"ఏమనుకున్నారు?"

"మీరేమనుకున్నారో ముందు చెప్పండి."

ఇద్దరూ అలా ఒకరినొకరు కొలుచుకుంటూ ఉండగానే లిఫ్టు తెరుచుకుంది. మామగారు వట్టి కాళ్ళతో బయటపడ్డారు. "నా చెప్పులు పోయాయండీ! ఇప్పుడే, గుమ్మం ముందే!"

ఇద్దరూ ఒక్కసారే ఆయన మీసం వైపు తిరిగారు. ఆ తరవాత బొమ్మ వైపు. మళ్ళీ మీసం వైపు.

"ఏమిటా చూపు? చెప్పులు పోయింది నావి!"

"తమ మీదికి అనుమానం రాకుండా ముందు సొంత చెప్పులే దాచుకునేవాళ్ళూ ఉంటారు లెండి," అన్నాడు సెక్రటరీ.

అంతే, మామగారి గొంతు మేడ మీదికి వినబడింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగివచ్చినవాళ్ళందరూ బొమ్మ చూశారు, తలా ఒకరిని గుర్తుపట్టారు. పక్కింట్లో చెప్పుల అలమరా ఎందుకంత పెద్దదని ఒకావిడ ఆరా తీసింది. ఇంటింటా వెతకాలని ఒకాయన అన్నాడు, ముందు ఆయనింట్లోనే వెతకాలని మిగతావాళ్ళన్నారు. మలుపులో ఆటలాయనకి భయం పట్టుకుంది. దిగి నిజం చెప్పేద్దామని అనుకుంటూనే ఒక మెట్టు దిగి, రెండు మెట్లు వెనక్కి ఎక్కుతున్నాడు. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం భోజనానికి భార్య వచ్చింది. జనాన్ని తప్పించుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ఈసారి నిజంగా చూసింది. చాలాసేపు చూసింది.

"ఇలా కాదు," అన్నాడు సెక్రటరీ ఫోను తీస్తూ. "ఫోటో తీసి వీధి వీధంతా పంపిస్తాను. ఎవడో వాడే తేలతాడు."

వీధంతా! ఇంకా కొట్టులోకే ఎక్కని బొమ్మ! ఎవడో ఒకడు ఈ సాయంత్రమే కొట్టేసి వాడి ఆటకి తగిలించుకోడూ? ఆటలాయన అనుమానం అతని భయాన్ని ఒక్క తోపు తోసింది.

"ఆగండి! ఫోటో తియ్యొద్దు!" అంటూ మలుపులోంచి జనం మధ్యకి ఊడిపడ్డాడు. నోరు తెరిచే ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. రెండు చేతుల్లోనూ చెరొక చెప్పు ఉంది.

"అవి నావి," అన్నారు మామగారు నెమ్మదిగా. అల్లుడుగారూ అనలేదు.

ఆటలాయన గబగబా చెప్పుకొచ్చాడు. చెప్పినకొద్దీ వ్యవహారం ముదిరింది. "ఇది ఆట కోసం గీసిన బొమ్మండీ. మాస్టారూ, మీ ముక్కు అడక్కుండా తీసుకున్నాను, నిజమే. కనుబొమలు సెక్రటరీగారివి. మీసం మావయ్యగారిది..."

"చెప్పులతో పాటు ఇవి కూడానా!" అన్నారెవరో వెనకనుంచి.

"నా కనుబొమలు మరీ ఇంత పలచనా?" అని సెక్రటరీ కోప్పడ్డాడు. చెప్పుల సంగతి ఆయన అప్పుడే మరిచిపోయాడు.

"కళ్ళు ఎవరివి?" అంది భార్య.

గోల అణిగింది. ఆటలాయన చేతిలోని చెప్పుల వైపు చూశాడు. "నీవి."

"నేను మిమ్మల్ని ఇలా చూస్తానా?"

"పని ఎంతవరకు వచ్చిందని అడిగేటప్పుడు."

"అది అనుమానం కాదండీ," అంది ఆవిడ. "భయం. ఇది పోతే మీరేమైపోతారోనని."

ఆటలాయనకి చచ్చేంత సిగ్గేసింది. మూడేళ్ళుగా రోజూ ఎదురుగా ఉన్న కళ్ళని సరిగ్గా చదవలేనివాడు ఊళ్ళోవాళ్ళ చూపులు పట్టుకోవడానికి మెట్ల మీద నక్కాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. చెప్పులు పట్టుకున్న చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"కదలకండి," అని ఆవిడ టక్కున ఫోటో తీసింది. దాన్ని వేళ్ళతో నొక్కి నొక్కి తపాలా బిళ్ళంత చేసి అతని కళ్ళ ముందు పెట్టింది. అంత చిన్నదానిలోనూ తెరిచిన నోరు, గుడ్లప్పగించిన కళ్ళు, రెండు చెప్పులు స్పష్టంగా కనబడుతున్నాయి.

"దొంగ మొహం కావాలని అందరి మొహాలూ గీశారు గదా," అంది. "ఒక్కసారి అద్దం చూసుకుంటే సరిపోయేది."

మామగారు తొంగిచూసి, "ఎంత బాగా పడ్డాడో!" అన్నారు. సెక్రటరీ, మాస్టారు కూడా తొంగిచూశారు. ఆ అపార్ట్‌మెంటు అంతా ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

ఆటలాయన భోజనం కూడా చెయ్యకుండా ఆ ఫోటో చూస్తూ తనని తాను గీసుకుని, సాయంత్రం వెలుగు పోకముందే పంపేశాడు. కొత్త ఆటల్లో అదే ముందు వరసకెక్కింది, జనం ఆగి ఆగి కొన్నారు, పాత మేనేజరు ముందు నిలబడే గండం తప్పింది. పని ఎంతవరకు వచ్చిందని భార్య ఇప్పటికీ అడుగుతుంది, కాకపోతే పక్కన కూర్చుని అడుగుతుంది. అపార్ట్‌మెంటులో చెప్పులు పోవడం కూడా ఆ రోజుతోనే ఆగిపోయింది, దాంతో అతని మీద అనుమానం ఖాయమైపోయింది. ఇక కొన్నవాళ్ళలో అందరికన్నా ముందు అభిప్రాయం రాసిన మనిషి, ఉన్న నక్షత్రాలన్నీ ఇచ్చేసి, కింద రెండు ముక్కలు రాశాడు: "ఆట ఇంకా మొదలెట్టలేదు. దొంగ వీడే."