తొమ్మిదో నంబరు బస్సులో చుట్టాలు

సోమవారం పొద్దున్న ఐదున్నరకి తొమ్మిదో నంబరు సిటీ బస్సు డ్రైవరు అద్దం ముందు కాలరు సరిచేసుకుంటూ దేవుణ్ణి ఒక్కటే అడిగాడు. మొదటి ట్రిప్పులో నలభై మంది ఎక్కాలి. అంతకు మించి ఆయనకు ఆశ లేదు.

హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి ఆ రోజు బస్సులో తలలు లెక్కపెడతాడనీ, నలభైకి తగ్గితే రూటు ఎత్తేస్తారనీ డిపోలో చెప్పారు. రూటు పోతే ఆయన్ని దూరప్రయాణం బస్సుకు వేస్తారు. ఇంటి మొహం చూసేది మూడు రోజులకోసారి. ఇరవై రెండేళ్ళుగా మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చే మనిషి. ఆ ఒక్క సుఖమూ పోతుందన్న బెంగతో వారంగా ముద్ద దిగడం లేదు.

ముద్ద దిగకపోతే భార్య ఊరుకుంటుందా? ఆదివారం సాయంత్రమే కూపీ లాగింది.

"ఇంతేనా? అక్కకి ఓ మాట చెప్తాను. నలుగురొచ్చి ఎక్కుతారు."

"అది మోసం కాదా?"

"టికెట్టు కొనుక్కుని బస్సెక్కడం మోసమెలా అవుతుందండీ?"

ఆయన గోడ మీద దేవుడి పటం వైపు చూశాడు. పటంలో ఉన్నవాడికీ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

ఆవిడ అక్కకు చెప్పింది నలుగురనే. అక్కగారు కుట్టుమిషను క్లాసు నడుపుతుంది కాబట్టి క్లాసులో చెప్పింది. క్లాసువాళ్ళు ఇళ్ళలో చెప్పారు. డ్రైవరు మామగారు పార్కులో తనతో పాటు నడిచే పెద్దమనుషులకు చెప్పారు. మిగతావాళ్ళు రారేమోనని ఎవరికి వాళ్ళు ఇంకో ఇద్దర్ని వెంటేసుకొచ్చారు.

మొదటి స్టాపులో ఇరవై మంది ఎక్కేసరికి డ్రైవరు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. రెండో స్టాపులో ముప్ఫై మంది ఎక్కారు. మూడో స్టాపులో ఎవరిదో సంచి వచ్చి గేరు కడ్డీకి తగులుకుంది. సిటీ బస్సన్నాక ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటే దిగేవాళ్ళు దిగుతుంటారు. వీళ్ళలో ఒక్కరికీ ఎక్కడా పని లేదు, అందుకని ఒక్కరూ దిగలేదు.

"అన్నా, టికెట్లు కొట్టడానికి చెయ్యి ఆడట్లేదు," వెనక నుంచి కండక్టరు మొరపెట్టుకున్నాడు. "ఎక్కడికమ్మా అంటే, నలభై దాటేదాకా అంటున్నారు."

ఆసుపత్రి స్టాపులో, రోజూ డ్యూటీ దిగి ఇదే బస్సులో ఇంటికెళ్ళే నర్సులు, ఆయాలు పదకొండు మంది నిలబడి ఉన్నారు. పక్కనే ఫైలు పట్టుకున్న నడివయసు మనిషి. ఆయన ఎలాగో ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. మెట్టు మీద కాపలా ఉన్న మామగారు ఆ కాలును మర్యాదగా కిందికి దించారు.

"చోటు లేదు బాబూ. ఇవాళ ఎవరో ఆఫీసరొస్తున్నాడు, బస్సంతా మావాళ్ళే. నువ్వు రేపు రా."

కండక్టరు రెండుసార్లు గంట కొట్టాడు. బస్సు కదిలింది. ఫైలు పట్టుకుని వెనకాల పరిగెత్తుతున్న మనిషిని అద్దంలో చూసి డ్రైవరుకు జాలేసింది. పాపం, ఎవరి రక్తపరీక్ష రిపోర్టులో అనుకున్నాడు.

చివరి స్టాపు పంపుహౌసు. బస్సు ఆగింది, ఎవరూ దిగలేదు. వెనకాలే వచ్చిన ఆటోలోంచి ఆ ఫైలు మనిషి దిగాడు. ఫైలు మీద బస్సు సంస్థ ముద్ర చూడగానే అవి ఎవరి రక్తపరీక్ష రిపోర్టులూ కావని డ్రైవరుకు అర్థమైంది.

ఆఫీసరు బయటే నిలబడి కిటికీల వెంట తలలు లెక్కపెట్టాడు. డెబ్బై ఆరు. ముందు కిటికీలో ఉన్న డ్రైవరు వదినగారిని, అదే, కుట్టుమిషను అక్కగారిని అడిగాడు.

"చివరి స్టాపు కదమ్మా, దిగరేం?"

"మళ్ళీ వెనక్కెళ్ళాలండి."

"మరి ఎందుకొచ్చినట్టు?"

వదినగారు బయటికి చూసింది. ఉన్నదల్లా పంపుహౌసే. "పంపుహౌసు చూద్దామని."

"డెబ్బై ఆరు మందీనా?"

"చూసినవాళ్ళు బాగుందన్నారు."

డ్రైవరు ఇక ఉండబట్టలేక సీటు దిగి చేతులు కట్టుకున్నాడు. "సార్, నేను అబద్ధం ఆడలేను. వీళ్ళంతా మా చుట్టాలు, చుట్టాలకు చుట్టాలు. రూటు పోకూడదని నాకోసం ఎక్కారు."

"మా అల్లుడికి వారంగా ఒంట్లో బాగుండట్లేదండీ," అని మామగారు సర్దబోయారు.

ఆఫీసరు డ్రైవర్ని ఎగాదిగా చూశాడు. "నాకూ చుట్టాలున్నారయ్యా. నా పెళ్ళికే భోజనాల వేళకొచ్చారు. పొద్దున్న ఆరింటికి డెబ్బై ఆరు మంది కదిలొచ్చారంటే నమ్మడానికి నేనేమైనా చంటిపిల్లాణ్ణా? మెట్టు మీద ఆ పెద్దాయనకూ ఇదే పాఠం నేర్పావా? రద్దీ ఎక్కువైందని, ఎక్కినవాళ్ళంతా చుట్టాలేనని చెప్పి రూటు ఎత్తేయించి చేతులు దులుపుకుందామనా? ఆసుపత్రి దగ్గర నువ్వు వదిలేసిన పదకొండు మందికీ ఈ బస్సు తప్ప దిక్కు లేదట. నీ తరఫున తిట్లన్నీ నేను తిన్నాను."

రూటు నిలబడింది. రద్దీ తగ్గించడానికి పొద్దున్న నాలుగున్నరకు ఇంకో ట్రిప్పు వేసి, ఒళ్ళు వంగుతుందని ఆ డ్రైవరుకే అప్పగించారు. ఇప్పుడూ మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తున్నాడు గాని, సగం కంచం కాకముందే కునుకు పడుతోంది. అడిగినదానికన్నా దేవుడు ఎక్కువే ఇచ్చాడు. మరి తప్పు అడగడంలో ఉందా, ఇవ్వడంలో ఉందా అని ఖాళీ బస్సు నడుపుతూ ఆలోచిస్తుంటాడు.

ఓ రోజు వడ్డిస్తూ భార్య అడిగింది. "ఏవండీ, ఆ నాలుగున్నర బస్సులో ఎవరూ ఎక్కట్లేదటగా? అక్కకి ఓ మాట చెప్పనా?"

"నిండుగా వెళ్తోంది," అన్నాడు డ్రైవరు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. దాన్ని మాత్రం అడిగినవాళ్ళు వెంటనే నమ్మారు.