వరదమ్మ కాపాడిన ప్రోగ్రాము

పొద్దుటి రైలుకు మద్రాసు పోయి, టీవీ వాళ్ళను నాలుగు మాటలు అడిగి, దీపాలు పెట్టే వేళకు తిరుత్తణి చేరుకోవాలని వరదమ్మ నిర్ణయించింది.

సంగతి చిన్నది కాదు. గంట నొక్కి జవాబు చెప్పే శుక్రవారం పోటీని ఉంచాలా, ఆపాలా అని ఆలోచిస్తున్నామని టీవీలో చెప్పారు. అది మొదలై మూడు నెలలైనా కాలేదు. వీధి మొత్తానికి టీవీ ఉన్నది వరదమ్మ ఇంట్లోనే. పోటీకి వచ్చినవాళ్ళకంటే ముందే ఆమె జవాబు చెప్పేది. సగం తప్పేది గానీ, ఆమె చెప్పే తీరు చూసి, తప్పు టీవీ వాళ్ళదేమో అనుకునేవారు వీధి ఆడవాళ్ళు. ఏనాటికైనా ఆ పోటీ కుర్చీలో తాను కూర్చోవాలని ఆమె కోరిక.

"మనం పోయి అడిగితే వింటారా అక్కా?" అంది పక్కింటి కాంచన.

"అడిగేది నేను కదా," అంది వరదమ్మ.

కాంచనతోపాటు వీధి ఆడవాళ్ళనూ, వేరుశనగ చేను తప్ప మరో ధ్యాస లేని భర్త లోకనాథాన్ని కూడా బయలుదేరదీసింది. తిరువళ్ళూరులో చెల్లెలి కుటుంబం ఎక్కింది. టీవీ స్టేషన్ చేరేసరికి అదొక చిన్న పెళ్ళిగుంపు.

గేటు దగ్గర కాపలాదారు ఏ ఊరని అడిగాడు. తిరుత్తణి అన్నారు. రైతులేనా అన్నాడు. అబద్ధమాడడం చేతకాని లోకనాథం అవునన్నాడు. ఆ రోజు వ్యవసాయ కార్యక్రమానికి ఆ వైపు రైతులు రావలసి ఉంది. ఇంత ఆలస్యమా అని విసుక్కుంటూ అందరినీ లోపలికి తోలాడు.

లోపల కళ్ళు చెదిరే దీపాలు, వరుసగా కుర్చీలు. తమ వాలకం చూసి నేరుగా పోటీకే పిలిచారని వరదమ్మకు అర్థమైపోయింది. మైకు పట్టుకున్న అధికారి వేరుశనగకు గొంగళిపురుగు పడితే ఏం చేయాలని అడిగాడు. ఇది పోటీ కాదేమోనని లోకనాథం గొణిగాడు.

"మీరు మాట్లాడకుండా సుమ్మా ఉండండి. మొదట సులువైనవే అడుగుతారు," అని వరదమ్మ, గంట కనపడక కుర్చీ చేతి మీద దబ్బున కొట్టింది. "తొలి వాన పడినాక గట్టు మీద మంట పెట్టాల. రెక్కల పురుగులు దాంట్లో పడి సచ్చిపోతాయి."

మందు కొట్టకూడదా అని అడిగాడు అధికారి.

మళ్ళీ దబ్బున కొట్టింది. "కొడితే పురుగుకేమీ కాదు సార్. కొట్టినవాడు రెండు దినాలు పండుకుంటాడు."

కాంచన బృందం చప్పట్లతో గది మోగించింది. ఆ కార్యక్రమంలో చప్పట్లు వినడం అధికారికి అదే మొదటిసారి. ఉత్సాహంగా అడుగుతూనే పోయాడు. చివరికి కుర్చీ చెయ్యి ఊడింది. బహుమతి ఏదని వరదమ్మ అడిగితే, ఆయన తడుముకొని బల్లమీది చిక్కుడు విత్తనాల పొట్లం ఇచ్చాడు.

అప్పుడామె అసలు మాట ఎత్తింది. "ఈ ప్రోగ్రాము ఆపగూడదు సార్. ఇంకా పెంచాల."

అధికారి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకు అడిగేవాళ్ళు దొరికారని, వెంటనే పైవాళ్ళకు చెబుతానని రెండు చేతులూ జోడించాడు. తిరుగు రైలులో వరదమ్మ కిటికీ పక్క సీటులో మహారాణిలా కూర్చుంది.

రెండు వారాల తర్వాత వరదమ్మ ఇంటి హాలు నిండా జనం ఉండగా టీవీలో ప్రకటన వచ్చింది. తిరుత్తణి ప్రేక్షకులు స్వయంగా వచ్చి కోరినందువల్ల వ్యవసాయ కార్యక్రమాన్ని శుక్రవారం కూడా ప్రసారం చేస్తారట. అందుకోసం ఆ సమయంలో వచ్చే పోటీని ఆపేశారట.

అందరూ వరదమ్మ వైపు తిరిగారు. ఆమె లేచి టీవీ కట్టేసింది.

మరుసటి శుక్రవారం హాలుకు వచ్చింది లోకనాథం ఒక్కడే. తలుపు దగ్గరికి వేసి, వాల్యూము పెంచుకున్నాడు.