నష్టరహిత కుదింపు

ఈ భూమ్మీద దేన్నయినా కుదించవచ్చు, ఒక్క అధికారి ఉపన్యాసాన్ని తప్ప. ఇది అనుభవం మీద చెబుతున్న సత్యం. కాదన్నవాళ్ళు మా డైరెక్టర్ గారి "రెండే రెండు ముక్కలు" విని, బతికి బట్టకట్టి, అప్పుడు నాతో వాదనకు రండి.

మాది లిఫ్టులకు బుద్ధి చెప్పే ఆఫీసు. ఏ అంతస్తులో ఆగాలి, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి, జనం ఎక్కువైతే ఎలా మొరాయించాలి, ఆ ప్రోగ్రాములన్నీ మేమే రాస్తాం. మా భవనంలో లిఫ్టు పనిచేయదు. నాలుగో అంతస్తుకి మెట్లెక్కి వచ్చి, రొప్పుతూ కూర్చుని, ఊరందరి లిఫ్టులనూ ఉద్ధరిస్తాం.

రాసిన ప్రతి ముక్కా భోషాణంలో పడాలి. భోషాణం అంటే మూలగదిలో గుర్రుమంటూ ఉండే సర్వర్‌కి మేం పెట్టుకున్న పేరు. ఎవరు ఏ వాక్యం మార్చారు, ఎప్పుడు మార్చారు, మార్చకముందు అది ఎలా ఉండేది, అన్నీ పొల్లుపోకుండా దాస్తుంది. తనకు జరిగిన అమర్యాదను మేనత్త దాచుకున్నట్టు. ఎన్నేళ్ళయినా సరే, అడిగితే పాత ప్రతిని తీసి ముఖాన కొడుతుంది.

అన్నీ దాచాలంటే చోటు చాలదు. అందుకని దాచేముందు నొక్కి చిన్నది చేస్తుంది. పరుపును పెట్టెలో కూరి, పైనెక్కి కూర్చుని మూత వేసినట్టు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నొక్కే పద్ధతి తాతలనాటిది. బటన్ నొక్కగానే తెరమీద ఒక సున్నా తిరగడం మొదలవుతుంది. తిరుగుతూనే ఉంటుంది. మనం కూర్చున్నచోటే మంచినీళ్ళు తాగి, గోడ గడియారం చూసి, బతుకు మీద విరక్తి పుట్టించుకుని మళ్ళీ తెర చూసినా తిరుగుతూనే ఉంటుంది.

దీనికితోడు ఒక రూలు. ఆ రోజు పని భోషాణంలో పడేవరకు ఎవరూ సీటు విడువరాదు. ఐదింటికి అందరూ బటన్ నొక్కుతారు. అందరి సున్నాలూ తిరుగుతాయి. అప్పుడే డైరెక్టర్ గారు రౌండ్‌కి బయల్దేరతారు. తిరిగే సున్నాల్లోకి గుడ్లప్పగించి చూస్తున్న మమ్మల్ని వచ్చిన అతిథులకు చూపించి, "గమనించారా, ఐదు దాటినా ఒక్కరూ కదలరు. ఇదీ మా క్రమశిక్షణ" అంటారు. అతిథులు తల ఊపుతారు. సున్నాలు తిరుగుతాయి.

ఈ క్రమశిక్షణ వల్ల నలిగిపోయింది మా టెస్టింగ్ అక్క. మేం రాసినవాటిలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. అందరిదీ అయ్యాక గానీ ఆమెది భోషాణంలో పడదు. ఆమె కూతురు నాలుగేళ్ళ పిల్ల, రెండు వీధుల అవతల క్రెష్‌లో ఉంటుంది. ఐదున్నరకి అక్కడ గేటు వేస్తారు. మిగతా పిల్లలందరూ వెళ్ళిపోయాక, బూట్లేసుకుని, సంచి వీపున తగిలించుకుని, గేటు దగ్గర చిన్న స్టూలు మీద ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఇంకోసారి ఆలస్యమైతే పేరు కొట్టేస్తానని క్రెష్ ఆయమ్మ చెప్పేసింది.

"సున్నా సంగతి నేను చూస్తానక్కా" అన్నాను.

"ఏం చేస్తావు, సమ్మెనా?" అంది అక్క. నేను యూనియన్ కార్యదర్శిని కూడా లెండి.

"కాదు. పని."

"అయ్యబాబోయ్. అయితే నీకు నిజంగానే కోపం వచ్చిందన్నమాట."

వచ్చింది. కూర్చుని కొత్త నొక్కుడు పద్ధతి ఒకటి భోషాణానికి అతికించాను. మూట అంతే చిన్నదవుతుంది, కానీ రెప్పపాటులో అవుతుంది. పాత మూటల్ని పాత పద్ధతిలోనే విప్పుకోవాలి కదా, అందుకని ప్రతి మూట మీదా ఇది పాతది, ఇది కొత్తది అని ఒక గుర్తు పెట్టాను. ఆ గుర్తు పెట్టించింది అక్కే. "లేకపోతే భోషాణం తికమకపడి పాతదాన్ని కొత్తదనుకుని విప్పుతుంది తమ్ముడూ. పేగులు బయటపడతాయి" అంది. అన్నీ పరీక్షించింది. బాగుందంది. ఇక మిగిలింది డైరెక్టర్ గారి సంతకం.

డైరెక్టర్ గారు భాషాభిమాని. ఆఫీసులో నోటీసు అంటూ అంటిస్తే స్వచ్ఛమైన మన భాషలోనే ఉండాలని ఆయన పట్టుదల. "అచ్చమైన లాంగ్వేజ్‌లో డ్రాఫ్ట్ చేసి పుటప్ చెయ్యవయ్యా" అని పంపించారు. ఆ డ్రాఫ్టులు రాయడానికి ఒక తర్జుమా మాస్టారు ఉన్నారు. ఆయనకు నా కాగితం ఇచ్చాను. "భోషాణంలో ఫైళ్ళను త్వరగా కంప్రెస్ చేసే కొత్త పద్ధతి" అని రాశాను అందులో. ఒకేలాంటి ఫైళ్ళు రెండుంటే ఒకటే దాస్తుందనీ, ఖాళీవాటిని ముందు నొక్కుతుందనీ, విప్పితే ఒక్క అక్షరం నష్టపోకుండా తిరిగొస్తుందనీ కింద వివరం ఇచ్చాను.

"కంప్రెస్ పరభాష" అని కొట్టేసి, "కుదింపు" అని రాశారు మాస్టారు. బాగుంది. తర్వాత "ఫైళ్ళు" దగ్గర ఆగారు.

"ఇదీ పరభాషే."

"దస్త్రాలు అనండి మాస్టారూ."

"దస్త్రం కూడా మనది కాదు నాయనా. పొరుగునుంచి వచ్చింది." కలం చివర కొరుకుతూ చాలాసేపు ఆలోచించారు. సరైన మాట దొరకలేదు. దొరకనప్పుడు భాష మైలపడకుండా చూడడమే ధర్మమని, ఆ మాటను పూర్తిగా ఎత్తేశారు. భోషాణం నోటీసుకి తగిన గౌరవప్రదమైన మాట కాదని దాన్నీ ఎత్తేశారు.

డైరెక్టర్ గారు కాగితం చదివే అలవాటున్న మనిషి కాదు. సంతకం పెట్టారు. మర్నాడు నోటీసు బోర్డు మీద ఇలా ఉంది:

"సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, వచ్చు సోమవారము నుండి ఈ కార్యాలయమునందు వేగవంతమైన కుదింపు అమలుపరచబడును. ఒకే విధమైనవి రెండు కనబడినచో ఒకటి ఉంచి రెండవది తొలగించబడును. ఖాళీగా ఉన్నవి ముందుగా కుదించబడును. ఈ కుదింపు నష్టరహితము. ఎవరికిని ఏమియు తెలియకుండగనే ముగియును."

కుదింపు అన్న మాట ఆఫీసంతటినీ ఒక్క కుదుపు కుదిపింది. కుదురుగా కూర్చున్నవాళ్ళు కుదురు తప్పారు. ఖాళీగా ఉన్నవి ముందు అన్నారు గనుక, క్షణంలో ఖాళీగా ఉన్నవాడు లేకుండా పోయాడు. కంప్యూటర్ ఆపి ఉందని కూడా చూడకుండా టకటకా టైపు చేస్తున్నవాళ్ళని కళ్ళారా చూశాను.

అందరికంటే పాపం మా అసిస్టెంట్ మేనేజర్లిద్దరిది. పెద్ద అసిస్టెంట్, చిన్న అసిస్టెంట్ అంటాం. డైరెక్టర్ గారు ఏమన్నా "కరెక్ట్ సార్" అనడం పెద్దాయన పని. చిన్నాయన పనీ అదే. ఇన్నాళ్ళూ జోడెద్దుల్లా మెలిగారు. నోటీసు చూసిన పూటనుంచి, తాను ఒక రకం, అవతలివాడు ఇంకో రకం అని నిరూపించుకోవడంలో పడ్డారు. పెద్దాయన "కరెక్ట్ సార్" మానేసి "అక్షరాలా నిజం సార్" అనడం మొదలుపెట్టాడు. చిన్నాయన మీసం తీసేశాడు.

"అయ్యా, అది ఫైళ్ళ కుదింపు. మనుషులది కాదు" అని నేను టేబులు టేబులుకీ తిరిగి చెప్పాను.

"ముందు ఫైళ్ళతోనే మొదలుపెడతారు" అన్నాడు పెద్ద అసిస్టెంట్. "తర్వాత ఆ ఫైళ్ళు చూసేవాళ్ళ దగ్గరికొస్తారు. నాకు తెలీదా?"

"నష్టరహితం అని రాశారుగా" అన్నాను.

"ఎవరికి నష్టం ఉండదు? వాళ్ళకి" అన్నాడు చిన్న అసిస్టెంట్, లేని మీసం తడుముకుంటూ.

ఆ పద్ధతి రాసింది నేనేనని తెలిసి, శుక్రవారం మధ్యాహ్నం నా టేబులు ముందు ధర్నా. ఆఫీసు ఆఫీసంతా నేలమీద బైఠాయించింది. "కుదింపు నశించాలి. కుట్రదారు కార్యదర్శి దిగిపోవాలి" అని అరుస్తున్నారు. నినాదం ఎక్కడ పైకెత్తాలో, ఎక్కడ పిడికిలి బిగించాలో వాళ్ళకి నేర్పినవాడిని నేనే. బాగా నేర్చుకున్నారు. ఒక పక్క ఒళ్ళు మండుతున్నా, రెండో పక్క వాళ్ళ లయ తప్పినప్పుడల్లా నా పిడికిలి దానంతట అదే లేచి సరిచేసింది.

అక్క మాత్రం నేలమీద కూర్చోలేదు. "తమ్ముడూ, వీళ్ళు ఆపించేస్తారా?" అని నెమ్మదిగా అడిగింది. "నేను ఆయమ్మకి సోమవారం నుంచి లేటవ్వదని చెప్పేశాను. పిల్లకి కూడా చెప్పాను."

గుంపంతా డైరెక్టర్ గారి గదికి నడిచింది. నేనూ వెనకే నడిచాను. కుదింపు ఆపండి సార్ అని పెద్ద అసిస్టెంట్ అడిగాడు. డైరెక్టర్ గారికి అప్పుడే తెలిసింది, తాను ఏదో కుదిస్తున్నానని. సంతకం పెట్టాక ఏమిటని అడిగితే పరువు ఏం కావాలి? గొంతు సవరించుకున్నారు.

"బాగా అధ్యయనం చేసి తీసుకున్న నిర్ణయం అది. నేను వెనక్కి తీసుకునే ప్రసక్తే లేదు. ఈ సందర్భంగా రెండే రెండు ముక్కలు చెబుతాను..."

ధర్నా ఆ ముక్కల దెబ్బకి చెదిరిపోయింది. పోలీసులకి కూడా అంత తేలిగ్గా అయ్యేది కాదు.

సోమవారం ఐదయింది. అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కారు. తెరమీద సున్నా కనబడి, తిరగబోయి, మాయమైంది. "పని పూర్తయినది" అని వచ్చింది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. తీసేశారా, తీసెయ్యలేదా? చేతులు, కాళ్ళు తడిమి చూసుకున్నవాళ్ళున్నారు.

అక్క లేచింది. బ్యాగు భుజాన వేసుకుంది. "నేను వెళ్తున్నా" అని మెట్లు దిగిపోయింది. చప్పుళ్ళను బట్టి చూస్తే చివరి అంతస్తు పరిగెత్తినట్టే ఉంది. పది మంది కిటికీ దగ్గర మూగారు. వీధిలో ఇంకా ఎండ ఉంది. ఆ వీధికి సాయంత్రం ఎండ ఉంటుందని వాళ్ళకి తెలియదు. ఒక్కొక్కరే జారుకున్నారు. కాసేపటికి ఆఫీసులో పంకాలు మాత్రమే తిరుగుతున్నాయి. నేను మూలగదిలో భోషాణానికి కాపలా ఉన్నాను.

అప్పుడు వచ్చారు డైరెక్టర్ గారు రౌండ్‌కి. ఖాళీ కుర్చీలు. ఒక్క నరమానవుడు లేడు. ఆయన అలా నిలబడిపోయి, "ఇంత వేగమా" అని తనలో తాను అనుకోవడం నాకు వినబడింది. వెంటనే గదిలోకి వెళ్ళి హెడ్డాఫీసుకి వార్త పంపించారు: "కుదింపు సంపూర్ణము. సిబ్బంది మొత్తము తొలగింపబడిరి. నష్టము శూన్యము."

మంగళవారం పొద్దున్నే నాకు పిలుపొచ్చింది. డైరెక్టర్ గారు తలుపు సందులోంచి హాల్లోకి చూస్తున్నారు. అందరూ సీట్లలో ఉన్నారు.

"వీళ్ళంతా మళ్ళీ ఎలా వచ్చారయ్యా?"

"మెట్లెక్కి సార్. లిఫ్టు పనిచెయ్యట్లేదు కదా."

"అది కాదయ్యా, నిన్న నేను కుదించాను కదా?"

నేను కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పాను. పరుపు, పెట్టె, మూత, అన్నీ. ఆయన విన్నారు. విని, హెడ్డాఫీసు జవాబు నా ముందుకి తోశారు. "అభినందనలు. సిబ్బంది లేని కార్యాలయమునకు డైరెక్టర్ అనవసరము గనుక తమరిని కూడా కుదించడమైనది" అని ఉంది.

"మరి నష్టరహితం అన్నావుగా. విప్పితే మొత్తం తిరిగొస్తుంది అన్నావుగా. నన్ను విప్పు."

"ఫైళ్ళయితే విప్పుతాను సార్. పదవిని విప్పడం నాకు రాదు."

"అయితే తీసెయ్ ఆ దిక్కుమాలిన పద్ధతి. పాత సున్నానే తిప్పు. ఐదింటికి అందరూ కుర్చీల్లో కనబడాలి. అప్పుడు హెడ్డాఫీసుకి ఏదో చెప్పుకుంటాను."

నాకు స్టూలు మీద కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. "పద్ధతి తీసెయ్యక్కర్లేదు సార్" అన్నాను. "అర్థం కాక సంతకం పెట్టానని ఒక్క ముక్క రాసేయండి. అయిపోతుంది."

ఆయన నావైపు చూసిన చూపు చెప్పలేను. ఆయన్ని నాలుగో అంతస్తు నుంచి దూకమన్నా అంత బాధపడేవారు కాదు.

"పోనీ, నోటీసులో ఒక్క మాట మార్చండి. కుదింపు అన్న చోటల్లా విస్తరణ అని."

"మరి లోపలి పని?"

"అది అలాగే ఉంటుంది సార్. మాట మాత్రమే మారుతుంది."

ఆయన ముఖం వికసించింది. "పని ముట్టుకోకుండా మాట మార్చడమా? ఆ మాట ముందే చెప్పొచ్చుగా. అది నాకు చేతనైన పనేగా."

నోటీసు మారింది. బటన్ మీద "వేగవంతమైన విస్తరణ" అని వచ్చింది. లోపల ఒక్క అక్షరం మారలేదు. పోరాటం ఫలించిందని సిబ్బంది చప్పట్లు కొట్టి, కుట్రదారు కార్యదర్శినే తిరిగి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. చిన్న అసిస్టెంట్ మీసం పెంచుతున్నాడు. హెడ్డాఫీసుకి డైరెక్టర్ గారు, "నిన్నటి వార్తలో అచ్చుతప్పు పడినది. కుదింపు అనునది విస్తరణ అని, తొలగింపబడిరి అనునది చేర్చుకొనబడిరి అని చదువుకొనగలరు" అని పంపించారు.

హెడ్డాఫీసు చాలా సంతోషించి, డైరెక్టర్ గారి కుదింపును రద్దు చేసింది. ఒక్క రోజులో సిబ్బంది మొత్తాన్నీ మళ్ళీ చేర్చుకుని, పైగా విస్తరిస్తున్న ఇంత పెద్ద కార్యాలయానికి ఒక్క డైరెక్టర్ ఎలా చాలతారు? ఇంకొకరిని పంపించింది.

ఇప్పుడు ఆ గదిలో ఒకే బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. ఇద్దరికీ అదే దగ్గు, అదే గొంతు సవరణ. కాగితం చదవకుండా ఒకరు సంతకం పెడితే, చదవకుండా రెండోవారు దాని పక్కన పెడతారు. రెండే రెండు ముక్కలు ఇప్పుడు నాలుగయ్యాయి. ఒకేవిధమైనవి రెండు కనబడితే ఒకటి తీసేసే పద్ధతి నా దగ్గర ఉంది గానీ, అది ఫైళ్ళకే పనికొస్తుంది.

నిన్న ఐదింటికి బ్యాగు భుజాన వేసుకుని వెళుతూ, అక్క ఆ గది అద్దంలోంచి లోపలికి చూసింది. ఇద్దరూ ఒకరికొకరు తలలూపుకుంటున్నారు.

"తమ్ముడూ, మూటల మీద గుర్తు పెట్టడం మర్చిపోయావు" అంది. "ఏది పాతదో, ఏది కొత్తదో తెలియట్లేదు."