జిడ్డుదుర్గ భేదనము

ఆదిత్యుడు ఎదురింటి నీళ్ల ట్యాంకుపైకెక్కి ఆవులించుచున్న ఒకానొక ఆదివారమున, మెట్లక్రింది సిమెంటు గచ్చుపై, జిడ్డుపంకనిమగ్నమై, సకలధూళిసామ్రాజ్యమునకు రాజధానియై వెలయుచున్న మోటారుసైకిలు ఎదుట, చిరుగుబనియనే వజ్రకవచముగా, మోకాళ్లదాక మడిచిన ప్యాంటే వీరకాసెగా, వారమున ఆరుదినములు చొక్కా నలగకుండ ఫైళ్లనడుమ బ్రతుకు గుమాస్తా యుద్ధసన్నద్ధుడై నిలిచెను. వినుడు!

యుద్ధకారణమెట్టిదనిన, ఆ బండి కీర్తిశేషులైన మామగారిది. దాని కాగితములు కొత్తవి చేయింప రవాణా కార్యాలయమునకు తీసికొనిపోగా తనిఖీ అధికారి వంగి చూచి, "ఇందులో ఇంజనెక్కడండీ? అంతా జిడ్డేగా! సోమవారం ఇంజను నంబరు కనిపించేలా తెండి, లేదంటే తుక్కు కిందే లెక్క" అని గర్జించెను. అంతకన్న ఘోరము ఇంటవద్ద జరిగెను. పదునొకండేండ్లుగా అల్లుడు చేసిన ఏ పనికిని 'ఫర్వాలేదు' అన్న ఒక్క మాట ఖర్చుపెట్టని కఠోరవ్రతురాలగు అత్తగారు, "మెకానిక్కుకి ఇచ్చేయండి బాబూ. మీవల్ల అయ్యే పనేనా?" అనెను. ఆ వాక్యశల్యము గుమాస్తా గుండెలో దిగబడి రాత్రంతయు సలిపెను.

కావున నేడాతడు కుడిచేత పాత పళ్లబ్రష్షును, ఎడమచేత కిరసనాయిలు డబ్బాను ధరించి, "ఓరీ జిడ్డూ! ఇనుపకోట మరుగున దాగిన దురాత్మా! నిన్ను సమూలముగ నిర్మూలించిగాని కాఫీ ముట్టను!" అని భీషణప్రతిజ్ఞ చేసెను.

వంటింటి కిటికీనుండి భార్య, "కాఫీ చల్లారిపోతోందండీ. తాగేసి ఒట్టు పెట్టుకోకూడదూ?" అనెను.

వీరుడు ఒక్కగుక్కలో కాఫీ త్రాగి, మూతి తుడుచుకొని, ప్రతిజ్ఞను మొదటినుండి మరల చేసెను.

అంత మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. తోమెను, గీకెను, తుడిచెను. స్క్రూడ్రైవరుతో సందులు పొడిచెను. జిడ్డు సామాన్యశత్రువు కాదు. ఇంజనును వదలి మోచేతికెక్కెను, మోచేతినుండి చెంపకెగసెను, ఈగను తోలబోయిన క్షణమున కనుబొమను సైతమాక్రమించెను. మూడుగంటల పోరు పిమ్మట ఇంజను ఎడమపార్శ్వము దర్పణమువలె మెరసెను.

నంబరు మాత్రము లేదు.

గుమాస్తా గచ్చుపై చతికిలబడెను. ఇక బండియు పోవును, పరువును పోవును. అంతలో మెట్లు దిగివచ్చిన అత్తగారు అతనిని, ఇంజనును మార్చిమార్చి చూచి, "నంబరు ఇటు కాదు బాబూ, అటుపక్క, కిక్కు రాడ్డు వెనక. మీ మామగారు ఆదివారం ఆదివారం అక్కడే తుడిచేవారు. అడిగితే చెప్పేదాన్నిగా!" అనెను.

హా! ఒకచోట కోటయుండ వేరొకచోట ముట్టడించిన సేనాని మోకాళ్లపై ప్రాకి ఆవలికి చేరి, కిరసనాయిలు గుడ్డతో నాలుగు పట్లు పట్టెను. మేఘముక్తనక్షత్రములట్లు అంకెలు బయల్వెడలెను.

అత్తగారు కళ్లజోడు సవరించుకొని, వంగి, ఆ నంబరు పైకి రెండుసార్లు చదివెను. రెండవసారి ఒక్కొక్క అంకెను కొంగుతో తుడుచుచు చదివెను. తరువాత ఇటువైపు వచ్చి, మెరయు లోహములో తన ముఖము చూచుకొని, చెవిమీది వెంట్రుకలు సర్దుకొని, "ఫర్వాలేదు" అనెను.

దిక్కులు పిక్కటిల్లెను.

"విన్నావా!" అని గుమాస్తా కిటికీవైపు అరచెను.

"విన్నాలెండి. ఆ చేతులతో తలుపు ముట్టుకోకండి!"

ఇట్లు ఏకాదశవర్షయుద్ధమున ఒక్క 'ఫర్వాలేదు'ను గెలుచుకొని, దిగ్విజయి, జిడ్డుతిలకుడు, మోచేతితో తలుపు త్రోసికొని సగర్వముగ గృహప్రవేశము చేసెను.