కుడిబుగ్గ మీది మచ్చ

ఐస్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరుగా గడ్డకట్టిన మనిషికి, ఉన్నట్టుండి నిప్పు మీద మనసు పోవడంలో వింతేముంది?

స్నేహితులు అతన్ని మంచుదొర అంటారు. ఆ శనివారం సాయంత్రం మంచుదొర చొక్కాలో ఒక పొట్లం దాచుకుని, పిల్లిలా పడకగదిలో అడుగుపెట్టాడు.

మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కున్న కుట్టుమిషను ఠక్కున ఆగింది.

"చొక్కాలో ఏమిటది?"

"ఏముంది? ఏమీ లేదే."

"పొద్దున వెళ్ళేటప్పుడు మీ నడుము నలభై. ఇప్పుడు నలభై మూడు. అదీ ఒక పక్కే పెరిగింది."

భార్య టైలరు. ఆవిడ దగ్గర ఎవరూ ఏదీ దాచలేరు. పొట్లం బయటికొచ్చింది. లోపల లావుపాటి పెన్నులాంటిది, కొసన ఇత్తడి ములికి, వెనక కరెంటు తీగ.

"దీన్ని వేడి చేసి చెక్క మీద బొమ్మలు కాలుస్తారు. కళ!"

"పోయినేడు వేణువు కూడా కళే అన్నారు. మీకు ఊదడం రాలేదు గానీ, పై వాటావాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు."

"ఈసారి చప్పుడుండదు. స్టోర్‌రూమ్ ఒక్కటి ఇస్తే చాలు."

"అది నా మిషనుకని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను!"

"అయితే తేల్చుకుందాం!" మంచుదొర ఛాతీ విరిచాడు. ములికి చొక్కాకి గుచ్చుకుంది. విరవడం మానేశాడు.

పందెం కుదిరింది. వచ్చే వారం ఆదివారం మరదలు వచ్చేసరికి హాలు గోడకి తగిలించదగ్గ బొమ్మ ఒక్కటి తయారైతే గది అతనిది. కాకపోతే ఆవిడది.

మొదటిరోజే పాత స్టూలు మీద పెన్ను ఆనించాడు. స్టూలుకి వార్నిష్ ఉంది. పొగ చుట్టలు చుట్టలుగా లేచి మెట్లు దిగి వెళ్ళి, కింది వాటా కంపౌండరును వెంటబెట్టుకొచ్చింది. ఆయన చేతిలో బకెట్టుంది. స్విచ్చి కట్టేసి, స్టూలునీ మంచుదొరనీ ఒకే విసురుతో తడిపేశాడు.

"మీరు బాగానే ఉన్నారా?"

"నేను కళాకారుణ్ణి!" నీళ్ళు కారుతూ గర్జించాడు మంచుదొర.

"అందుకే అడుగుతున్నాను."

వెనకడుగు వేస్తే మంచుదొర ఎలా అవుతాడు? మర్నాడు వడ్రంగి దుకాణానికి పరుగెత్తాడు.

"రంగూ వార్నిషూ తగలని చెక్క తీసుకోండి సార్. నొక్కొద్దు, ములికిని అలా జారనివ్వండి" అన్నాడు వడ్రంగి.

"బొమ్మ గీయడం రాదే!"

"ఫొటో జెరాక్సు తీయించండి. చెక్క మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో రుద్దితే గీతలు అంటుకుంటాయి. వాటి మీదే కాల్చుకుంటూ పోండి."

మంచుదొర బుర్రలో మెరుపు మెరిసింది. ఎవరి ఫొటో? ఇంకెవరిది, భార్యది! తన మొహాన్ని తనే గోడకి తగిలించనంటుందా? చచ్చినట్టు ఒప్పుకుంటుంది.

ఆరురోజులు ఫ్యాక్టరీ నుంచి రావడం, తలుపు వేసుకోవడం. మూడు వేళ్ళకి బొబ్బలు. ఒక కనుబొమ్మ సగమే మిగిలింది, బొమ్మది కాదు, అతనిది. అయినా కళ్ళు కుదిరాయి, ముక్కు కుదిరింది, వేళాకోళం చేసేముందు వంకరపోయే పెదవి కూడా కుదిరింది. చివరగా బుగ్గ మీద పుట్టుమచ్చ, ఒక్క చుక్క. అయిపోయింది!

ఆదివారం పదకొండు గంటలకి హాల్లో భార్య, మరదలు, బకెట్టుతో కంపౌండరు. మంచుదొర బొమ్మ మీది దుప్పటి లాగాడు.

మూడు తలలూ ఒక్కసారే ముందుకొచ్చాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మరదలు, భార్య కవలలు. కన్నతల్లే తికమకపడేది. ఒక్కటే ఆనవాలు. అక్కకి ఎడమబుగ్గన మచ్చ, చెల్లెలికి కుడిబుగ్గన.

"బావా!" మరదలి కళ్ళు చెమ్మగిల్లాయి. "నా బొమ్మ వేశారా!"

"నీదేమిటి? మీ అక్కది!"

"మచ్చ కుడిబుగ్గన ఉందండీ" అంది భార్య చల్లగా. ఫ్యాక్టరీలో కూడా అంత చలి ఉండదు. "ఆరురోజులు తలుపేసుకుని మా చెల్లెలి మొహం దిద్దారన్నమాట."

బోర్లించి రుద్దితే బొమ్మ ఎడమా కుడీ మారిపోతుందని వడ్రంగి చెప్పలేదు. అంత మాత్రం తెలియదా అనుకున్నాడు కాబోలు.

"ఒక్క నిమిషం!" మంచుదొర పెన్ను వేడిచేసి ఎడమబుగ్గన మచ్చ పెట్టాడు. ఇప్పుడు రెండు మచ్చలు. కుడిదాన్ని గరుకు కాగితంతో రుద్దాడు. మచ్చ పోయింది. దాంతోపాటు బుగ్గా గుంటపడిపోయింది.

"పన్ను పీకారా?" కంపౌండరు వంగి చూశాడు.

"నా బుగ్గ!" మరదలు కేకపెట్టింది.

"అది మీ అక్క బుగ్గ!"

"మరి పీక్కుపోయింది నాదిలా ఉందేం?"

మంచుదొర బల్ల గుద్దాడు. "ఎవరి బుగ్గయితేనేం? తగిలించదగ్గ బొమ్మ అన్నారు, వేశాను! స్టోర్‌రూమ్ నాది. దేవుడు దిగొచ్చినా ఖాళీ చెయ్యను!"

"సరే, తీసుకోండి" అంది భార్య.

ఇంత తేలిగ్గానా? అతను తేరుకునేలోపే అక్కాచెల్లెళ్ళు చెరోపక్కా పట్టి కుట్టుమిషను తెచ్చి హాల్లో పెద్ద కిటికీ కింద దించారు. అక్కడున్న అతని పడక్కుర్చీ, రేడియో, చెప్పుల జతతో సహా స్టోర్‌రూమ్‌లోకి నడిచాయి.

"అదేమిటే! నా చోటు!"

"మీ చోటు మీరే గెలుచుకున్నారుగా. పిడికెడంత కిటికీ ఉన్న గదిలో నేనేం కుట్టను? నాకు కావలసింది ఈ వెలుతురు. హాలడిగితే మీరు కుర్చీకి అతుక్కుపోతారు. స్టోర్‌రూమ్ అడిగితే దాన్ని పట్టుకు వేళ్ళాడతారు. మూడేళ్ళు పట్టింది మీకు."

గంటలో హాలు నిండా ఆడవాళ్ళు, బట్టల మూటలు, కబుర్లు. మంచుదొర స్టోర్‌రూమ్ గుమ్మంలోకి వచ్చి అరిచాడు.

"అందరూ వినండి! పందెం నేనే గెలిచాను!"

"అవునండీ, మీరే గెలిచారు" అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ. "కాస్త ఆ తలుపేసుకోండి. వీళ్ళు బట్టలు వేసుకుని చూసుకోవాలి."

మంచుదొర తలుపేసుకున్నాడు. గట్టిగా వేసుకున్నాడు, గెలిచినవాడిలాగే.