మేడమీద గదిలో గూబ

దియాబ్‌కి ఊళ్ళో ఇంకో పేరుంది. అబూ నౌమ్. అంటే నిద్రకి నాన్న. కొడుకు పేరు మీద ‘అబూ మిస్‌బాహ్’ అని గౌరవంగా పిలిచేది భార్య ఒక్కతే. అదీ కోపం లేని రోజుల్లో.

జోర్డాన్ లోయలో మధ్యాహ్నపు ఎండ గుడ్డును పెంకులోనే ఉడికిస్తుంది. ఆ వేళకు దియాబ్ మేడమీద గదిలో చేరి, పరుపు పరిచి, రేడియో పక్కన పెట్టుకుని, వార్తలు మొదలయ్యే లోపలే గురక మొదలుపెట్టేవాడు. ఇరవై ఏళ్ళుగా అతను ఒక్క వార్తా పూర్తిగా వినలేదు. అందుకే లోకం బాగానే ఉందని అతని నమ్మకం.

ఒక వసంతంలో ఆ గదికి గండం వచ్చింది. అతని భార్య ఫిద్దా జమీద్ చేయడంలో దిట్ట. మేకపాల పెరుగు వడగట్టి, ఉప్పేసి, తెల్లటి ఉండలు చేసి మేడమీద ఎండబెడుతుంది. అవి రాళ్ళలా గట్టిపడి ఏడాదంతా నిలవుంటాయి. ఆ ఏడు మాత్రం ఎలుకలు వాటిని ఎండనిస్తే కదా!

“శనివారం నుంచి ఆ గది నా జమీద్‌కి,” అంది ఫిద్దా. “గట్టి తలుపుంది. ఎలుకలు దూరవు.”

“మరి నేను?”

“నువ్వూ దూరవు.”

శుక్రవారం మధ్యాహ్నం దియాబ్ మొహం పాలిపోయినట్టు పెట్టుకుని మెట్లు దిగాడు.

“ఉమ్ మిస్‌బాహ్! మిస్‌బాహ్ అమ్మా! కొంప మునిగింది. గదిలో గుడ్లగూబ చేరింది.”

ఫిద్దా చేతిలో ఉండ చుడుతూనే, “ఎంతుంది?” అంది.

దియాబ్ చేతులతో పుచ్చకాయంత చూపించాడు. సరిపోలేదనిపించి మేకంత చూపించాడు.

“పద, చూస్తాను.”

“వద్దొద్దు! ఆడవాళ్ళు చూస్తే ఇంటికి అరిష్టం.”

“మగాళ్ళు చూస్తే?”

“కాస్త నిద్రొస్తుంది. అంతే.”

ఫిద్దా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. “సరే. కానీ అక్కడ గూబ లేదని తేలిందా, ఇక్కడ నీ గూబ ఉండదు.”

సాక్ష్యం కావాలి కదా! దియాబ్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, “ఊహూ... ఊహూ...” అని కూశాడు. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే గొంతు మూడో కూతకే మొరాయించింది. “ఊహూ... ఖళ్... ఖళ్!”

“ఏవయ్యా, గూబకి దగ్గేంటి?” కింది నుంచి కేక.

గూబ జవాబు చెప్పకూడదు. దియాబ్ నోరు నొక్కుకుని, సాయంత్రం తీరిగ్గా దిగి, “పాపం, ముసలిది,” అన్నాడు.

మూడు రోజులు స్వర్గం. గూబకు కాపలా అని భోజనం పళ్ళెంతో సహా పైకి వెళ్ళేవాడు. తిని కూసేవాడు, కూసి పడుకునేవాడు.

హజ్ చేసొచ్చిన పక్కింటి హాజ్జా జరీఫాని మాత్రం అతను లెక్కలో వేసుకోలేదు. ఆవిణ్ణి ఊరంతా హాజ్జా రేడియో అంటారు. మామూలు రేడియోకి ఆపే మీటైనా ఉంటుంది. గోడ మీదుగా ఆమె విన్న కూత, చీకటిపడేలోగా పల్లపు వీధిలో రెండు గూబలైంది. తెల్లారేసరికి మెరక వీధిలో ఏడైంది. అందులో ఒకటి మాట్లాడుతుందట కూడా.

నాలుగో రోజు రైతు సంఘం ఇంజనీరు నిస్రీన్ పరుగున వచ్చింది. ఖర్జూరం గిడ్డంగుల్లో ఎలుకల బాధ పడలేక, లోయలోకి గూబల్ని రప్పించాలని ఆ అమ్మాయి రెండేళ్ళుగా చెట్లకు పెట్టెలు కడుతోంది. ఫిద్దా ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి టీ పోసింది. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. ఆ సమయంలో దియాబ్ పైన నిద్రలో ఉన్నాడు.

మెట్లమీద అడుగుల చప్పుడుకి మెలకువ వచ్చింది. బయట గొళ్ళెం పడిన చప్పుడుకి మత్తు వదిలింది.

“పిల్లులు దూరకుండా గొళ్ళెం పెట్టేశానమ్మా,” అంటోంది ఫిద్దా.

“మంచి పని చేశావు పిన్నీ.”

దియాబ్ తెల్ల దుప్పటి తలదాకా కప్పుకుని, “ఊహూ...” అన్నాడు.

“అదేంటి?” అంది నిస్రీన్. “మన ఇళ్ళల్లో చేరే తెల్లగూబ ఇలా కూయదే! బుసకొడుతుంది.”

వెంటనే లోపలినుంచి, “స్స్స్స్స్!”

“అదీ! అసలు సిసలు తెల్లగూబ!”

“చెప్పగానే నేర్చుకుంది. మా మనవడి కంటే నయం,” అంది హాజ్జా రేడియో. ఆమె వెనక మెట్లనిండా జనం ఉన్నారు.

“ఏం తింటోంది పిన్నీ?”

“మా ఆయన తీసుకెళ్ళే పళ్ళెం మొత్తం. అన్నం, మాంసం, పైన టీ. మూడు చెంచాల చక్కెరతో.”

“అయ్యయ్యో, పక్షికి పక్షి తిండే పెట్టాలి. అందరూ తెచ్చారా?”

తెచ్చారు. ఇంటింటి బోనుల్లో పడ్డ ఎలుకలన్నీ ఒక బకెట్లో ఉన్నాయి. కిటికీ రెక్క తెరుచుకుంది. “బిస్మిల్లా,” అంటూ ఎవరో మొదటిది విసిరారు. అది దియాబ్ పొట్టమీద పడింది. చచ్చిన ఎలుకే కదా అని పళ్ళు బిగించి బుసకొట్టాడు.

రెండోది రేడియో మీటమీద పడింది. “ముఖ్యాంశాలు మరోసారి...”

“గూబ వార్తలు చదువుతోంది!” అని అరిచింది హాజ్జా రేడియో. ఆ గొంతులో భయం కంటే అసూయే ఎక్కువ.

మూడో ఎలుక బతికే ఉంది. అది పడీపడగానే దియాబ్ చొక్కాలోకి దారి చూసుకుంది.

“అమ్మో! నాయనో! తలుపు తీయండ్రా!”

“అమ్మని పిలుస్తోంది. పిల్లగూబ కాబోలు,” అంటూ ఫిద్దా గొళ్ళెం తీసింది.

దుప్పటితో సహా దూసుకొచ్చిన దియాబ్, జనం పక్కకి తప్పుకోగా ఆఖరి మెట్టు దగ్గర కాలు జారి, ఫిద్దా వడగట్టడానికి పెట్టిన పెరుగు గంగాళంలో కూర్చున్నాడు. ఎలుక ఈదుకుంటూ ఒడ్డెక్కి వెళ్ళిపోయింది. దియాబ్ వెళ్ళలేకపోయాడు.

నిస్రీన్ పుస్తకం తెరిచి, “తెల్లది. మగది. వయసు యాభై రెండు,” అని రాసుకుంది. నవ్వు ఆపుకోలేక ఆమె కలం చేతిలోంచి జారిపోయింది.

“మొదటి రోజే తెలుసు,” అంది ఫిద్దా. “గూబ దగ్గినా నమ్మేదాన్నేమో. కిటికీలోంచి సిగరెట్ పొగ వదిలితే ఎలా నమ్మను?”

తర్వాత రెండు రోజులు దియాబ్ వీధి మొహం చూడలేదు. మూడో రోజు గది కడిగి జమీద్‌కి సిద్ధం చేయమని ఫిద్దా చీపురు చేతికిచ్చింది. ముక్కు మూసుకుని తలుపు తీశాడు. కిటికీ రెక్క తెరిచే ఉంది, చచ్చిన ఎలుకలు ఒక్కటీ లేవు. అతని దిండుమీద తెల్లటి గుండ్రని మొహంతో ఒక గుడ్లగూబ కూర్చుని, నిద్ర చెడగొట్టిన వెధవ ఎవడన్నట్టు ఒక కన్ను తెరిచి చూసింది.

దియాబ్ మెట్లు దొర్లుతూ దిగాడు. “గదిలో గుడ్లగూబ ఉంది!”

ఫిద్దా చెప్పు తీసింది.

“వల్లాహి, అల్లా మీద ఒట్టు, ఈసారి నేను కాదే! చూడు, నేనిక్కడే ఉన్నానుగా!”

ఆ వాదన ఆమెకు నచ్చింది. పైకి వెళ్ళి, చూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వచ్చింది. నిస్రీన్ కబురందుకుని వచ్చి, గూబల జంట గూడు పెట్టిందని, పిల్లలు ఎగిరేదాకా ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టకూడదని చెప్పింది.

“అయితే జమీద్ కూడా పెట్టకూడదుగా!” అన్నాడు దియాబ్ సంబరంగా.

“అక్కర్లేదు,” అంది ఫిద్దా. “ఎలుకల్ని అది చూసుకుంటుంది. ఉండలు ఆరుబయటే ఎండుతాయి. పిచ్చుకల్ని నువ్వు చూసుకో.”

“అది పగలంతా పడుకుంటే తప్పులేదా?”

“అది రాత్రంతా పనిచేస్తుంది.”

రెండు నెలల తర్వాత లోయలో ఎలుకలు తగ్గాయి. దియాబ్ మేడమీద నడినెత్తి ఎండలో తలగుడ్డ చుట్టుకుని, కర్రతో పిచ్చుకల్ని తోలుతున్నాడు. మూసిన గదిలో అతని పరుపుమీద నాలుగు గూబపిల్లలు హాయిగా గురక పెడుతున్నాయి.

“అబూ నౌమ్!” కింది నుంచి ఫిద్దా గొంతు లేచింది. “గురక ఇక్కడికి వినిపిస్తోంది!”

“నేను కాదే, గూబలు!” అన్నాడు దియాబ్.

మెట్లమీద చెప్పుల చప్పుడు మొదలైంది.